బిల్లులు చెప్పే ఆరోగ్యం: క్లెయిమ్ డేటాను పరిశోధన ఎంతవరకు నమ్మొచ్చు?

ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన డేటాను తిరగేసిన కాగ్ 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచిన నివేదికలోంచి రెండు అంకెలు పత్రికలకెక్కాయి. చికిత్స పొందుతూ చనిపోయినట్టు నమోదైన 88,760 మంది పేరిట కొత్త చికిత్సలకు 2,14,923 క్లెయిములు చెల్లించినట్టు కంప్యూటరు చూపిస్తోందన్నది మొదటిది. దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకే మొబైల్ నంబరు, అదీ వరసగా పది తొమ్మిదులు, నమోదై ఉందన్నది రెండోది. దీన్ని కుంభకోణమన్నవారు ఉన్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ వేరే లెక్క చెప్పింది. రోగి చేరిన మూడు రోజుల వరకు ముందస్తు అనుమతి కోరే వెసులుబాటు ఆసుపత్రులకు ఉందని, అత్యవసర కేసుల్లోనూ నెట్ అందని చోట్లా దాన్ని వాడతారని, ఈలోగా రోగి కన్నుమూస్తే మరణం తేదీ ముందు, అనుమతి తేదీ వెనక పడతాయని వివరించింది. మొబైల్ నంబరు లబ్ధిదారును గుర్తుపట్టడానికి వాడేదే కాదని, క్షేత్రస్థాయి సిబ్బంది ఆ గడిలో ఏదో ఒక అంకె నింపి ఉండొచ్చని కూడా చెప్పింది. కుంభకోణమన్న వాదన, శాఖ వివరణ రెండూ కొన్ని కేసుల్లో నిజం కావచ్చు. ఏ కేసులో ఏది నిజమో డేటాలోని ఆ వరుసను ఎంతసేపు చూసినా తెలియదు. ఆసుపత్రి కేస్ షీట్ తెరవాలి, లేదా అప్పట్లో ఏ నిబంధన అమల్లో ఉందో తెలియాలి.

ప్రభుత్వ ఆరోగ్య బీమా క్లెయిములతో పరిశోధన చేయడం మీద ప్రపంచమంతటా సాగుతున్న తగవు కూడా చివరికి ఇక్కడికే వస్తుంది. కోట్ల వరుసలున్న ఈ డేటా వైద్య పరిశోధనకు నిధి అనేవారు ఒకవైపు, డబ్బు కోసం రాసిన కాగితం జబ్బు గురించి నిజం చెప్పదనేవారు మరోవైపు. ఇద్దరి చేతిలోనూ బలమైన ఉదాహరణలున్నాయి. అందువల్లే చర్చ తెమలడం లేదు.

డేటా ఎలా పుట్టింది, పరిశోధకుల చేతికి ఎలా వచ్చింది

అమెరికాలో వృద్ధుల కోసం 1965లో చట్టమైన మెడికేర్ తొలినాళ్లలో తన బిల్లుల్ని బిల్లులుగానే చూసింది. వాటిలో వైద్యం గురించిన సమాచారం ఉందని గుర్తించడానికి దారి చూపిన వారిలో జాన్ వెన్‌బర్గ్ ఒకరు. ఆయన, అలాన్ గిటెల్‌సన్ కలిసి 1973లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం వెర్మాంట్ రాష్ట్రంలో పక్కపక్క ఊళ్ల మధ్యే టాన్సిల్స్ తొలగింపు వంటి ఆపరేషన్ల రేటు ఎంతగా మారిపోతుందో చూపింది. జబ్బులో అంత తేడా లేనప్పుడు ఆపరేషన్లలో తేడా ఎందుకు? ఆ ప్రశ్న నుంచే 1996లో మెడికేర్ క్లెయిముల ఆధారంగా డార్ట్‌మౌత్ అట్లాస్ వెలువడింది. ఎక్కువ ఖర్చు చేసే ప్రాంతాల్లో రోగులు మరింత ఆరోగ్యంగా ఏమీ లేరని, కాబట్టి ఆ ఖర్చులో చాలా భాగం వృథా అని అట్లాస్ బృందం వాదించింది. అమెరికా ఆరోగ్య సంస్కరణల చర్చలో ఈ వాదన చాలా దూరం వెళ్లింది.

ఆసియాలో మెట్టు మార్చింది తైవాన్. 1995 మార్చిలో మొదలైన జాతీయ ఆరోగ్య బీమా దాదాపు జనాభా మొత్తాన్ని ఒకే ఖాతా కిందికి తెచ్చింది. ఆ క్లెయిముల్ని గుర్తింపు తీసేసి పరిశోధకులకు తెరిచాక వేలకొద్దీ వ్యాసాలు వచ్చాయి. ఒకే చెల్లింపుదారు ఉండటం అక్కడి ప్రధాన బలం. మనిషి ఏ ఆసుపత్రికి వెళ్లినా బిల్లు ఒక్క చోటికే చేరుతుంది. అవుట్‌పేషెంటు చూపింపు, మందుల చీటీ కూడా అందులో పడతాయి.

మన దగ్గర ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 నాటికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ పాకింది. అప్పట్లో తెల్ల రేషన్ కార్డే అర్హత. మొదట బీమా కంపెనీ మధ్యలో ఉండేది. తర్వాత ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. మొదటి నుంచీ ముందస్తు అనుమతి, పరీక్షల ఫలితాలు, డిశ్చార్జి సమ్మరీ, చెల్లింపు అన్నీ కంప్యూటరులోనే నడవడం దీని ప్రత్యేకత. దేశంలో చాలా ప్రభుత్వాసుపత్రులు ఇంకా చేతిరాత రిజిస్టర్లతో నడుస్తున్న కాలంలో ఒక రాష్ట్రంలోని పేదలకు జరిగిన పెద్ద ఆపరేషన్లన్నీ ఒక్క చోట నమోదు కావడం చిన్న విషయం కాదు. 2014 విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి ఎన్టీఆర్ వైద్యసేవగా, వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా, మళ్లీ వైద్యసేవగా మారింది. తెలంగాణలో పాత పేరే ఉంది. పేరు మారడం పరిశోధకుడికి పెద్ద ఇబ్బంది కాదు. ప్యాకేజీల జాబితా, ధరలు, అర్హత నిబంధనలు మారడమే అసలు ఇబ్బంది. ఆ సంగతి కాస్త ఆగి చూద్దాం.

మూడు వాదాలు

మొదటి వాదం పరిమాణాన్ని నమ్ముతుంది. సర్వేలో కొన్ని వేల కుటుంబాలుంటాయి, ప్రయోగ పరీక్షలో కొన్ని వందల మంది రోగులుంటారు, క్లెయిముల్లో కోట్ల మంది ఉంటారు. అరుదైన జబ్బు, అరుదైన దుష్ఫలితం ఇక్కడే కనిపిస్తాయి. జ్ఞాపకం మీద ఆధారపడదు కాబట్టి సర్వేల్లో ఉండే మరుపు సమస్య లేదు. పైగా ఎప్పటికప్పుడు పోగవుతుంది. చిన్నచిన్న తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్నది ఈ వాదం నమ్మకం.

రెండో వాదం దీనికి పూర్తిగా ఎదురు. బిల్లు రాసిన ఆసుపత్రికి, ఆ బిల్లును కోసిన చెల్లింపుదారుకు మధ్య జరిగిన బేరమే క్లెయిమ్ అని, అందులో జబ్బు పేరు కూడా బేరంలో భాగమేనని అంటుంది. ఆరోగ్యశ్రీ మీద తెలుగునాట వచ్చిన తొలి విమర్శల్లోనూ ఈ ధోరణి కనిపిస్తుంది. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో పథకం ప్రైవేటు రంగానికి ఎలా అనుకూలించిందో విశ్లేషించారు. ఎక్కువ ధర పలికే చికిత్స వైపు వ్యవస్థ మొగ్గుతున్నప్పుడు ఆ చికిత్సల సంఖ్యను జనం అవసరానికి కొలతగా తీసుకోవడం ఎలా కుదురుతుందన్నది అలాంటి విమర్శల్లోంచి లేచే ప్రశ్న.

మూడో వాదం గత రెండు దశాబ్దాల్లో బలపడింది. డేటా మంచిదా చెడ్డదా అని అడగడం మాని, ఏ ప్రశ్నకు ఏ అధ్యయన రూపం అని అడగాలంటుంది. జరగాల్సిన ప్రయోగ పరీక్షను ముందు కాగితం మీద రాసుకుని, ఎవరిని చేర్చుకుంటాం, ఏ రోజు నుంచి లెక్కిస్తాం, ఎవరితో పోలుస్తాం అన్నవన్నీ ముందే తేల్చుకుని, ఆ తర్వాతే క్లెయిముల్లోకి దిగాలన్నది ఈ పద్ధతి. దీనికి గట్టి పరీక్షే జరిగింది. ఆర్‌సీటీ డూప్లికేట్ అనే ప్రాజెక్టు మెడికేర్‌తో సహా అమెరికా బీమా క్లెయిముల మీద 32 ప్రయోగ పరీక్షల్ని తిరిగి నడిపించి చూసి, ఫలితాల్ని 2023లో ప్రచురించింది. అసలు పరీక్షల ఫలితాలకు, క్లెయిముల ఫలితాలకు మధ్య సహసంబంధం మొత్తంగా 0.82. అసలు పరీక్ష రూపాన్ని దగ్గరగా అనుకరించగలిగిన వాటిని మాత్రమే తీసుకుంటే 0.93. అనుకరణ కుదరని చోట ఫలితాలు బాగా చెదిరాయి. ఈ అంకెల్ని మొదటి వాదమూ రెండో వాదమూ తమకు అనుకూలంగా చదువుకోవచ్చు, చదువుకున్నాయి కూడా. జాగ్రత్తగా చూస్తే ఇవి చెప్పేది ఒక్కటే: వరుసల సంఖ్య పెరిగినందువల్ల నమ్మకం పెరగలేదు, ప్రశ్నకూ డేటాకూ పొత్తు కుదిరిన చోటే పెరిగింది.

క్లెయిములు బాగా చెప్పగలిగినవి

ఏ ఆసుపత్రిలో ఏ పని జరిగింది, ఎన్ని రోజులు ఉంచారు, ఎంత చెల్లించారు అన్న ప్రశ్నలకు ఇంతకు మించిన ఆధారం మరొకటి దొరకదు. 2008 నడుమ నుంచి 2012 నడుమ వరకు ఆరోగ్యశ్రీ క్లెయిముల్ని పరిశీలించిన మాజ్ షేక్, వివేకానంద ఝా తదితరుల అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. ఆ నాలుగేళ్లలో సుమారు 6.77 లక్షల శస్త్రచికిత్స చేరికలు నమోదయ్యాయి. వాటిలో 80 శాతం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. లబ్ధిదారుల్లో ఏటా లక్ష మందికి 259 చొప్పున ఆపరేషన్లు జరిగాయి. అన్నిటికంటే పెద్ద కారణం గాయాలు, 27 శాతం. ఎముకలు విరిగి చేరినవారి బారు ఎంత పొడవో మన రోడ్ల సంగతి తెలిసినవారికి ఆశ్చర్యం కలిగించకపోవచ్చు గానీ, ఒక రాష్ట్రం మొత్తానికి అంకె రావడం వేరు. అయితే ఇదే అధ్యయనంలో కంటిశుక్లాలు, సిజేరియన్లు లేవు. అవి వేరే పథకాల కిందికి వస్తాయి. ఆ సంగతి మరచి ఈ 259ని ఇంకో దేశపు శస్త్రచికిత్సల రేటుతో పోలిస్తే లెక్క తప్పుతుంది. అధ్యయనకర్తలు ఆ విషయం స్పష్టంగానే రాశారు. అంకెను ఎత్తుకెళ్లినవారంతా దాన్నీ తీసుకెళతారన్న హామీ లేదు.

మార్పును వెంటనే పట్టుకోవడం రెండో బలం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక తొలి పది వారాల్లో జన ఆరోగ్య యోజన వారపు క్లెయిములు అంతకు ముందరి పన్నెండు వారాల సగటు కంటే 51 శాతం పడిపోయాయని జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ డేటాతో చేసిన విశ్లేషణ ఆ ఏడాదే చూపించింది. కంటిశుక్లం ఆపరేషన్లు 90 శాతానికి పైగా తగ్గాయి, డయాలసిస్ అంతగా తగ్గలేదు. సర్వే అయితే ఈ సంగతి తేలడానికి రెండేళ్లు పట్టేది. ఇక్కడ కొలిచింది జబ్బును కాదు, వైద్యం అందిన తీరును. అందుకే డేటా తడబడలేదు.

మూడోది మందుల భద్రత. గుండెపోటు ప్రమాదం బయటపడి 2004 సెప్టెంబరులో వయాక్స్ మందును మార్కెట్ నుంచి ఉపసంహరించాక, అమ్మకానికి వచ్చిన మందుల మీద నిఘా ఎంత బలహీనంగా ఉందో అమెరికాకు తెలిసొచ్చింది. 2007 చట్టం, 2008లో మొదలైన సెంటినెల్ కార్యక్రమం అందులోంచి వచ్చినవే. బీమా క్లెయిములే దానికి ప్రధాన ముడిసరుకు. మన పథకాల డేటాతో ఈ పని కుదరదు. ఆసుపత్రి గడప దాటాక రోగి ఏ మందు కొన్నాడో, ఎన్నాళ్లు వాడాడో ట్రస్టుకు తెలియదు.

చెప్పలేనివి

ఆరోగ్యశ్రీ డేటా ప్రధానంగా చేరికల డేటా. అవుట్‌పేషెంటు చూపింపు, ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న ఇంజెక్షను, మందుల దుకాణంలో కొన్న మాత్రలు, ఇవేవీ అందులో పడవు. ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల జబ్బును ఈ డేటాతో అర్థం చేసుకోవాలనుకుంటే ఈ ఇబ్బంది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి డయాలసిస్ క్లెయిములు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టవచ్చు. డయాలసిస్ దాకా వచ్చేవారు జబ్బు చివరి మెట్టు మీద ఉన్నవారు. మెల్లగా మూత్రపిండాలు దెబ్బతింటున్న కొబ్బరితోట కూలీ ఇందులో లేడు. అక్కడి జబ్బు విస్తృతిని తేల్చడానికి ఊరూరా తిరిగి రక్తం, మూత్రం పరీక్షించిన అధ్యయనాలే అవసరమయ్యాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. డయాలసిస్ కేంద్రం దగ్గరికి వస్తే క్లెయిములు పెరుగుతాయి. మ్యాపు మీద ఆ పెరుగుదల జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది.

మరణం సంగతి ఇంకా కష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 2012 మధ్య ప్రభుత్వ ఖర్చుతో డయాలసిస్ మొదలుపెట్టిన 13 వేల మందికి పైగా రోగుల మీద క్లెయిములతో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. అందులో నమోదైన మరణాలతో పాటు, మధ్యలోనే రావడం మానేసినవారు ఒక ప్రత్యేక వర్గం. వారంలో రెండు మూడు సార్లు చేయించుకోవలసిన చికిత్స ఆగిపోయిందంటే చాలామంది విషయంలో అర్థం ఊహించవచ్చు. కొందరు వేరే రాష్ట్రానికి వలస వెళ్లి ఉండొచ్చు, కొందరు సొంత డబ్బుతో వేరే చోట చేయించుకుని ఉండొచ్చు. జనన మరణాల రిజిస్ట్రేషన్‌తో క్లెయిముల్ని జోడించకపోతే ఈ ఖాళీ నిండదు. పథకం ప్రాణాలు నిలబెట్టిందా అన్న ప్రశ్నకు క్లెయిములు జవాబు చెప్పలేకపోవడానికి కారణం కూడా ఇదే. కర్ణాటకలోని వాజపేయి ఆరోగ్యశ్రీ మీద 2014లో బీఎంజేలో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం పథకం అమలైన సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో దాదాపు 60 వేల కుటుంబాల్ని సర్వే చేసి, పథకం పరిధిలోని జబ్బులతో మరణాలు పేద కుటుంబాల్లో 64 శాతం తక్కువగా ఉన్నాయని తేల్చింది. సరిహద్దు అవతలి వాళ్లకు క్లెయిమే లేదు. ఇవతలి వాళ్లలో ఇంట్లోనే పోయినవారికీ లేదు. సర్వే తప్ప గత్యంతరం లేకపోయింది.

భాగహారంలో కింది అంకె మరో తలనొప్పి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. పథకం కిందికి వచ్చినవారు సుమారు 6.8 కోట్లని అధ్యయనాలు లెక్కించాయి. తెల్లకార్డు ఉన్నవారంతా పేదలు కారని ఈ నిష్పత్తే చెబుతుంది. కార్డుల ఏరివేతలు జరిగినప్పుడల్లా ఆ కింది అంకె మారుతుంది. 2014 తర్వాత గుంటూరు మనిషి హైదరాబాదులో చేయించుకున్న ఆపరేషను ఏ ఖాతాలో పడిందో చూసుకోకుండా రెండు రాష్ట్రాల రేట్లను పోల్చడం సాహసమే. ఇక బకాయిలు చెల్లించడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ రోజుల్లో క్లెయిముల గీత కిందికి దిగుతుంది. వార్తాపత్రిక చదవని విశ్లేషకుడికి ఆ నెల జనం ఆరోగ్యంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

తప్పు ఎటు ఒరుగుతుంది?

ఇంతవరకు చెప్పినవి లోపాలు. లోపం లేని డేటా ఎక్కడా ఉండదని మొదటి వాదం వాళ్లు వెంటనే అంటారు, అది నిజమే. సర్వేలో మనుషులు మరచిపోతారు, ఆసుపత్రి రిజిస్టరులో గుమాస్తా పొరబడతాడు. అటువంటి తప్పులు అటూ ఇటూ పడతాయి కాబట్టి, సంఖ్య పెరిగే కొద్దీ వాటి ప్రభావం తగ్గుతుంది. క్లెయిముల్లో తప్పు అలాంటిది కాదు. అది డబ్బు ఎటుంటే అటు ఒరుగుతుంది. కోటి వరుసలు చేర్చినా ఆ ఒరుగుడు పోదు, మరింత కచ్చితంగా కనబడే తప్పుడు అంకెగా మారుతుంది. ఈ డేటా మీద జరిగే చర్చలో నాకు కీలకంగా తోచేది ఈ ఒక్క తేడాయే.

అమెరికా అనుభవం దీన్ని పదేపదే చూపింది. మెడికేర్ అడ్వాంటేజ్ కింద ప్రైవేటు కంపెనీలకు రోగి ఎంత జబ్బుమనిషైతే అంత ఎక్కువ చెల్లింపు. ఆ పద్ధతిలో చేరినవారి జబ్బు స్కోరు, వారే సంప్రదాయ మెడికేర్‌లో ఉంటే వచ్చేదాని కంటే 6 నుంచి 16 శాతం ఎక్కువగా నమోదవుతోందని మైకేల్ గెరూసో, తిమోతీ లేటన్ లెక్కగట్టారు. మనుషులు మారలేదు, చెల్లింపు సూత్రం మారింది. న్యుమోనియా మరణాల కథ మరీ ఆలోచింపజేస్తుంది. 2003, 2009 సంవత్సరాల మధ్య అమెరికా ఆసుపత్రుల రికార్డుల్లో న్యుమోనియా చేరికలూ మరణాలూ బాగా తగ్గినట్టు కనిపించింది. పీటర్ లిండెన్‌నావర్ బృందం 2012లో చూపించినదేమిటంటే, అదే కాలంలో సెప్సిస్ లేదా శ్వాస వైఫల్యం ప్రధాన జబ్బుగా, న్యుమోనియా రెండో వరసలో రాసిన కేసులు విపరీతంగా పెరిగాయి. అన్నిటినీ కలిపి చూస్తే మెరుగుదల చాలావరకు కరిగిపోయింది. తీవ్రమైన కేసులు పేరు మార్చుకుని పక్క గడిలోకి వెళ్లాయి.

డార్ట్‌మౌత్ వాదానికీ ఇలాంటి సవాలే ఎదురైంది. జబ్బుల తేడాల్ని సరిచేసి పోల్చామంటే, ఆ జబ్బుల జాబితా కూడా క్లెయిముల్లోంచి వచ్చిందే కదా. ఎక్కువ పరీక్షలు చేసే ప్రాంతానికి మారిన వృద్ధులకు మారగానే ఎక్కువ జబ్బులు నమోదవుతున్నాయని 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. ఏమీ సరిచేయకపోతే తప్పు, క్లెయిముల్లోని జబ్బులతో సరిచేస్తే మరో రకం తప్పు. తర్వాత ఎమీ ఫింకెల్‌స్టైన్, మాథ్యూ జెంట్స్‌కో, హైదీ విలియమ్స్ ఇల్లు మారిన మెడికేర్ రోగుల్నే వెంబడించి, ప్రాంతాల మధ్య వాడకంలో కనిపించే తేడాలో 40 నుంచి 50 శాతం రోగుల నుంచి వచ్చేదేనని, మిగతాది ఆ ప్రాంతపు వైద్య వ్యవస్థదని 2016లో తేల్చారు. పాత వాదం పూర్తిగా కూలలేదు, సగానికి కుదించుకుపోయింది. గమనించాల్సింది మరొకటుంది. ఆ మూడో అధ్యయనం వాడింది కూడా క్లెయిముల్నే. డేటా అదే, దాన్ని ప్రశ్నించిన తీరు వేరు.

మన దగ్గర గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఇదే పాఠాన్ని మరింత చేదుగా చెప్పాయి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల్లో ఆ ఆపరేషన్ ఉన్న తొలి సంవత్సరాల్లో అవి బాగా పెరిగాయి. చిన్న వయసు ఆడవాళ్లకూ తీసేస్తున్నారన్న ఆందోళన వ్యక్తమైంది. మెదక్ జిల్లాలో ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి చేసిన క్షేత్ర అధ్యయనం ఆ ఆందోళనకు ఆధారాలిచ్చింది. తర్వాత ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల నుంచి తప్పించి ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేసింది. క్లెయిముల పట్టిక మాత్రమే చూసేవారికి సమస్య తీరినట్టే. కానీ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసేసినవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశ సగటు 3.2 శాతమే. సర్వే అంకెలో పాత ఆపరేషన్లు కూడా కలిసి ఉంటాయి కాబట్టి నియంత్రణ విఫలమైందని దీన్నిబట్టి నేరుగా చెప్పలేం. క్లెయిములు తగ్గాయి కాబట్టి ఆపరేషన్లు తగ్గాయని అంతకంటే చెప్పలేం. పథకం డబ్బుతో జరిగేది సొంత డబ్బుతో, అప్పుతో జరగడం మొదలైతే ఆ ఆడమనిషి డేటా నుంచి మాయమవుతుంది, ఆపరేషన్ బల్ల మీది నుంచి కాదు.

ఖర్చును అవసరానికి మారుపేరుగా వాడటం వల్ల వచ్చే అన్యాయం ఇంకో మెట్టు పైది. అమెరికాలో విస్తృతంగా వాడిన ఒక అల్గారిథమ్ ఎవరికి అదనపు వైద్య సహాయం కావాలో వారి భవిష్యత్ ఖర్చు అంచనాతో నిర్ణయించేది. నల్లజాతి రోగుల మీద అంతే జబ్బుకు తక్కువ ఖర్చు జరుగుతుంది కాబట్టి, ఆ యంత్రం వారిని ఆరోగ్యవంతులుగా లెక్కగట్టింది. జియాద్ ఒబర్‌మేయర్ బృందం 2019లో దీన్ని బయటపెట్టి, పక్షపాతాన్ని సరిచేస్తే అదనపు సహాయం పొందేవారిలో నల్లజాతీయుల వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని చూపింది. మన క్లెయిములతో జిల్లాల అవసరాల్ని అంచనా వేయబోయేవారు దీన్ని మన నేల మీదికి తెచ్చి చూసుకోవాలి. నెట్‌వర్క్ ఆసుపత్రులు హైదరాబాదు, విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం వంటి చోట్ల గుమిగూడి ఉన్నాయి. ఏజెన్సీ మండలం నుంచి క్లెయిములు తక్కువగా వస్తే అక్కడ జబ్బు తక్కువని కాదు. క్లెయిముల్ని బట్టి నిధులు పంచితే, ఇప్పటికే అందినవారికే మళ్లీ అందుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

సర్వే, రిజిస్ట్రీ, ఆసుపత్రి రికార్డు, క్లెయిమ్ ఈ నాలుగింటిలో ఏదీ మిగతా మూడింటి పని చేయలేదు. ఆసుపత్రికి రాని మనిషిని చూడగలిగేది సర్వే ఒక్కటే. జేబులోంచి పెట్టిన ఖర్చును, చేసిన అప్పును అడగగలిగేదీ అదే. కానీ కొన్నేళ్లకు ఒకసారి వస్తుంది, అరుదైన జబ్బుల్ని పట్టుకోలేదు. క్యాన్సర్ రిజిస్ట్రీ నిర్ధారణ విషయంలో అన్నిటికంటే నమ్మదగినది, పరిధి మాత్రం చిన్నది. కేస్ షీట్‌లో రక్తపోటు, క్రియాటినిన్, డాక్టరు అనుమానం, అన్నీ ఉంటాయి. ఒక ఆసుపత్రి గోడ దాటి బయట ఏం జరిగిందో దానికి తెలియదు. క్లెయిములో ల్యాబ్ అంకె విశ్లేషణకు అనువుగా దొరకడం అరుదు, అది స్కాన్ చేసిన కాగితంగా అటాచ్‌మెంటులో ఉండిపోతుంది. అయినా ఒకే మనిషిని పది ఆసుపత్రుల్లో, పదేళ్ల పాటు వెంబడించగలిగే శక్తి క్లెయిముకే ఉంది. ఆ శక్తి పథకం పరిధికి లోబడి ఉంటుందని మరచిపోకూడదు. మెడికేర్ లబ్ధిదారుల్లో సగానికి పైగా ఇప్పుడు అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉన్నారు. దశాబ్దాలుగా పరిశోధకులు నమ్ముకున్న సంప్రదాయ మెడికేర్ క్లెయిములు దేశంలోని వృద్ధులందరికీ అద్దం పట్టే రోజులు పోయాయి.

డిజిటల్ ఆరోగ్య రికార్డులు పూర్తిగా వస్తే ఈ గొడవంతా తీరుతుందన్న ఆశ ఒకటి వినిపిస్తోంది. కొంతవరకు తీరుతుంది. ల్యాబ్ ఫలితాలు, మందులు కలిస్తే ప్యాకేజీ కోడ్ మీద అంతగా ఆధారపడనక్కర్లేదు. కానీ చెల్లింపుకు ఆధారమయ్యే ఏ గడినైనా చెల్లింపు ప్రభావితం చేస్తుంది. రికార్డు రూపం మారినంత మాత్రాన ఆ ఒత్తిడి పోదు.

తేలని ప్రశ్నలు

ప్రజల డబ్బుతో పుట్టిన ఈ డేటా ఎవరి చేతుల్లో ఉండాలన్నది ఇంకా తేలలేదు. తైవాన్‌లో కొందరు పౌరులు తమ రికార్డుల్ని పరిశోధనకు వాడవద్దని చెప్పే హక్కు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2022 ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం పరిశోధనకు వాడటాన్ని పూర్తిగా కొట్టేయలేదు. వద్దన్నవారు తప్పుకునే ఏర్పాటు చట్టంలో లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని, మూడేళ్లలో సరిచేయమని చెప్పింది. పరిశోధకులకు ఇది కొత్త చిక్కు తెస్తుంది. తప్పుకునేవారు అందరిలాంటివారే కాకపోతే, మొత్తం జనాభా డేటా అన్న బలం సడలుతుంది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధన, గణాంక అవసరాలకు, ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడనంతవరకు, మినహాయింపు ఇచ్చింది. తైవాన్ పౌరులు అడిగిన ప్రశ్నను ఇక్కడ ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే. హెచ్‌ఐవీ, మానసిక రుగ్మత, గర్భస్రావం వంటి వివరాలు ఒక చిన్న మండలం పేరు, వయసు, ఆపరేషన్ తేదీతో కలిస్తే పేరు తీసేసినా మనిషి దొరికిపోతాడు. కాబట్టి డేటానంతా ఇంటర్నెట్‌లో పెట్టమనే వాదనను ఒప్పుకోలేం. ట్రస్టు ప్రాంగణంలోనే, నిఘా ఉన్న కంప్యూటరు మీద, ఫలితాల పట్టికలు మాత్రమే బయటికి వచ్చేలా అనుమతించడం ఇతర దేశాల్లో నడుస్తున్న మధ్యేమార్గం. ఎవరికి అనుమతి, ఎవరు నిర్ణయిస్తారు, ప్రభుత్వానికి నచ్చని ఫలితం వస్తే ప్రచురించనిస్తారా అన్నవి ఆ మార్గంలోనూ మిగిలే ప్రశ్నలు.

ఈ వివాదం తేలేలోగా చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఏ కోర్టూ అడ్డు రాదు. 2007 నుంచి ఇప్పటివరకు ఏ ప్యాకేజీ ఏ తేదీన చేరింది, ఏ తేదీన పోయింది, ధర ఎప్పుడు ఎంత మారింది, ఏ చికిత్సను ఎప్పుడు ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేశారు, కార్డుల అర్హత ఎప్పుడు మారింది, ఏ జిల్లాలో ఏ ఆసుపత్రి ఎప్పుడు నెట్‌వర్క్‌లోకి వచ్చి ఎప్పుడు వెళ్లిపోయింది, సేవలు ఏ రోజుల్లో నిలిచాయి అన్న వివరాలు జీవోల్లో, సర్క్యులర్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. క్లెయిముల గీతలో ప్రతి ఎగుడుదిగుడుకూ జబ్బు కారణమా, నిబంధన కారణమా అని తేల్చడానికి ముందు కావలసింది ఈ చరిత్రే. రెండు రాష్ట్రాల ట్రస్టులు దీన్ని ఒక్క పట్టికగా కూర్చి ప్రచురించవచ్చు. అందులో ఏ రోగి పేరూ ఉండదు.